తెలివైనవాడి పక్కనున్నవాడు

డిటెక్టివ్ కథలు చదివే అలవాటున్న మీ ఫ్రెండ్స్‌ని ఎవరినైనా అడగండి, నువ్వు ఎవరిలా ఉండాలనుకుంటావని. షెర్లాక్ హోమ్స్ అంటారు. వ్యోమకేశ్ బక్షీ అంటారు. ఇంట్లో అటక మీది పాత పుస్తకాలు దింపి చదివినవాళ్లయితే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ అంటారు. నాకు వాట్సన్‌లా ఉండాలనుందనో, అజిత్‌లా ఉండాలనుందనో, యుగంధర్ అసిస్టెంట్ రాజులా ఉండాలనుందనో చెప్పినవాళ్లు నాకింతవరకూ ఒక్కరూ తగల్లేదు. పక్కనుండేవాడంటే మనకంత చిన్నచూపు. హీరో ఏదో గొప్ప మాట అనగానే "ఎలా కనిపెట్టావు?" అని నోరెళ్లబెట్టడమే కదా వాడి డ్యూటీ అనుకుంటాం.

నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆ అభిప్రాయాన్ని మార్చింది ఉంబెర్తో ఎకో రాసిన 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' అనే నవల. ఇటాలియన్‌లో 1980లో వచ్చింది, విలియం వీవర్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1983లో వచ్చింది. మొదటిసారి హత్యల కోసం చదివాను. ఆడ్సో అనే కుర్రాడు తన గోడు చెప్పుకునే పేజీలన్నీ గబగబా తిప్పేశాను. రెండోసారి చదివినప్పుడు తెలిసొచ్చింది, నేను తిప్పేసిన పేజీల్లోనే అసలు నవల ఉందని.

ఆ ఆడ్సో గురించే ఈ వ్యాసం. ముందే చెప్పేస్తున్నా, ఇందులో హంతకుడి పేరుతో సహా ముగింపు మొత్తం ఉంది. నవల చదివే ఉద్దేశం ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోయి, చదివాక తిరిగి రండి.

ఎవరీ ఆడ్సో?

1327 నవంబర్ నెలాఖరు. ఉత్తర ఇటలీ కొండల మీద, మంచులో, ఒక బెనెడిక్టైన్ మఠం. అందులో గొప్పదని పేరుపడ్డ గ్రంథాలయం. అదొక పద్మవ్యూహం. గదిలోంచి గదిలోకి దారి, తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తాం. గ్రంథపాలకుడు, అతని సహాయకుడు తప్ప ఇంకెవరూ లోపలికి పోకూడదు. ఆ మఠంలో ఒక యువ సన్యాసి కొండ కింద శవమై కనిపిస్తాడు. సంగతేంటో తేల్చమని మఠాధిపతి ఒక అతిథిని అడుగుతాడు. ఆ అతిథే విలియం ఆఫ్ బాస్కర్‌విల్, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి. ఒకప్పుడు మతవిచారణాధికారి, ఆ పని మనసుకి పట్టక వదిలేశాడు. రోజర్ బేకన్‌ని గురువుగా తలుచుకుంటాడు, విలియం ఆఫ్ ఆకమ్‌కి స్నేహితుడు. ముక్కు మీద కళ్లజోడు పెట్టుకుంటాడు, ఆ రోజుల్లో అది చాలామంది ఎన్నడూ చూడని వస్తువు.

ఆయన వెంట ఉండే కుర్రాడే ఆడ్సో. డాన్యూబ్ ఒడ్డున ఉన్న మెల్క్ మఠానికి చెందినవాడు. ఆ మఠం నిజంగానే ఉంది, ఆస్ట్రియా వెళ్తే ఇప్పటికీ చూడొచ్చు. తండ్రి ఒక జర్మన్ ప్రభువు, లూయీ చక్రవర్తి పక్షాన ఉన్నవాడు. కొడుకు ఇటలీలో దారి తప్పకుండా విలియంకి అప్పజెప్పాడు. అలా ఆడ్సో విలియంకి శిష్యుడూ రాతగాడూ అయ్యాడు. ఇంకా పూర్తి దీక్ష తీసుకోలేదు.

బాస్కర్‌విల్ అన్న పేరు వినగానే మీకు బల్బు వెలిగే ఉంటుంది. 1902లో పుస్తకంగా వచ్చిన హోమ్స్ నవల పేరులోని ఇంటిపేరే అది. ఆడ్సో అన్న పేరులో కూడా వాట్సన్ చప్పుడు వినిపిస్తుంది. ఎకో ఏదీ దాచలేదు. "ఇదిగో మీకు తెలిసిన జంటే" అని మొదటి పేజీల్లోనే చెప్పేస్తాడు. ఆ తర్వాత ఆ జంటను మనకు తెలియని చోటికి తీసుకెళ్తాడు.

ప్రశ్నలడిగే పని

పక్కనుండేవాడి మొదటి పని మనందరికీ తెలిసిందే, పాఠకుడి తరఫున ప్రశ్నలు అడగడం. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు. వాటిలో ఒకటి, వాట్సన్ లాంటి స్నేహితుడు తన మనసులో మెదిలింది ఏదీ పాఠకుడి దగ్గర దాచకూడదని. పైగా అతని తెలివి సగటు పాఠకుడి కంటే ఒక పిసరు తక్కువుండాలట. అంటే చదివేవాడు "ఆమాత్రం నాకు తెలుసులే" అని మీసం మెలేసుకోవడానికి ఒకడు కావాలన్నమాట.

ఆడ్సో ఈ పని బాగానే చేస్తాడు. మఠంలోకి అడుగు పెట్టకముందే విలియం, తప్పిపోయిన గుర్రం ఎటు పోయిందో, ఎలా ఉంటుందో, ఆఖరికి దాని పేరేంటో కూడా చెప్పేస్తాడు. ఆ గుర్రాన్ని ఆయన చూడనే లేదు. మంచులో గిట్టల గుర్తులు, విరిగిన కొమ్మలు, ముళ్లకి చిక్కుకున్న నల్ల వెంట్రుకలు, అంతే. గురువుగారు వివరించాక ఆడ్సోకి అదంతా ఎంత తేలిగ్గా అనిపిస్తుందంటే, తానే కనిపెట్టినంత గర్వపడతాడు. సొల్యూషన్ చూశాక "ఇదేనా, నాకూ వచ్చేదే" అనుకునే మనమే వాడు.

అయితే మధ్యయుగాల కథ రాసేవాళ్లకి ఇక్కడ ఒక అదనపు తలనొప్పి ఉంటుంది. హోమ్స్ కథల్లో లండన్ గురించి అప్పటి పాఠకుడికి కొత్తగా చెప్పక్కర్లేదు. 1327లో అలా కాదు. పోప్ రోమ్‌లో కాకుండా అవిన్యోన్‌లో ఎందుకున్నాడు? ఏసుక్రీస్తుకీ ఆయన శిష్యులకీ సొంత ఆస్తి ఉండేదా లేదా అన్న ప్రశ్న మీద పోప్ 22వ జాన్‌కీ ఫ్రాన్సిస్కన్లకీ అంత గొడవేంటి? చక్రవర్తి ఎవరి వైపు? ఇవేవీ తెలియకపోతే ఆ మఠంలో ఎవరు ఎవర్ని చూసి ఎందుకు భయపడుతున్నారో అర్థం కాదు.

ఎకో దీనికి ఒక చక్కని ఉపాయం పట్టాడు. ఆడ్సోని ఇద్దర్ని చేశాడు. జరుగుతున్నది చూసేవాడు పద్దెనిమిదేళ్ల కుర్రాడు. అది రాస్తున్నవాడు ఎనభై దగ్గరపడ్డ ముసలి సన్యాసి. కుర్రాడు "ఇదేంటి?" అని అడుగుతాడు, ముసలాయన "అప్పుడు నాకు తెలియలేదు గానీ" అంటూ పూరిస్తాడు. తమాషా ఏంటంటే ఆ ముసలాయనకీ అన్నీ తెలియవు. ఏమీ అర్థం కానివాడి మాటల ద్వారా పాఠకుడికి అన్నీ అర్థమయ్యేలా చేయాలన్నది తన ప్రయత్నమని ఎకో తర్వాత ఈ నవల గురించి రాసిన చిన్న పుస్తకంలో చెప్పుకున్నాడు. ఇది వినడానికి తేలిక, చేయడానికి చాలా కష్టం. మనం సీనియర్ చెప్పింది అర్థం కాకపోయినా అక్షరం పొల్లుపోకుండా నోట్సు రాసుకుంటే, ఆ నోట్సు చదివి జూనియర్‌కి అర్థం కావాలి. అలా అన్నమాట.

నాలుగులో ఏడోది

రెండో పని దగ్గర ఆడ్సో నన్ను నిజంగా ఆశ్చర్యపరిచాడు.

కోడ్‌లో తప్పు దొరకనప్పుడు బల్ల మీద ఒక రబ్బరు బాతుని పెట్టుకుని, దానికి లైను లైనుగా కోడ్ వివరిస్తే తప్పు దానంతటదే బయటపడుతుందని మనలో చాలామంది విన్నాం. రబ్బర్ డక్ డీబగ్గింగ్. వాట్సన్ చాలా కథల్లో ఆ బాతే. హోమ్స్ చెప్తాడు, వాట్సన్ వింటాడు, చెప్తుండగా హోమ్స్‌కే తట్టేస్తుంది.

ఆడ్సో బాతు కాదు. బాతు తప్పు మాట్లాడదు. ఆడ్సో తప్పు మాట్లాడతాడు, ఆ తప్పు వల్లే తలుపు తెరుచుకుంటుంది.

గ్రంథాలయంలో ఒక రహస్య గది ఉంటుంది. దాన్ని తెరిచే ఉపాయం ఒక లాటిన్ వాక్యంలో ఉంటుంది. దాని సారాంశం ఇది: ప్రతిమ పైన చెయ్యి పెట్టి, నాలుగులో మొదటిదాన్నీ ఏడోదాన్నీ కదపాలి. నాలుగింటిలో ఏడోది ఎక్కణ్ణుంచి వస్తుంది? విలియం లాంటి తర్కవేత్త రోజుల తరబడి బుర్ర బద్దలు కొట్టుకుంటాడు.

ఆరో రోజు రాత్రి. గురుశిష్యులు గుర్రాల సాల దగ్గరుంటారు. మాటల్లో ఆడ్సోకి సాల్వతోరె గుర్తొస్తాడు. మఠంలో పనిచేసే ఈ సాల్వతోరె నాలుగైదు భాషలు కలిపి మాట్లాడే విచిత్రమైన మనిషి. వరసలో ఉన్న గుర్రాల్లో మూడో గుర్రం అనడానికి అతను వచ్చీరాని లాటిన్‌లో "గుర్రంలో మూడోది" అన్నాడని ఆడ్సో నవ్వుతూ చెప్తాడు. అలా అంటే మూడో గుర్రం అని అర్థం రాదు కదా, గుర్రం అనే మాటలో మూడో అక్షరం అవుతుంది కదా అని జోకు వివరిస్తాడు. లాటిన్‌లో గుర్రం 'ఎక్వుస్', మూడో అక్షరం యూ. ఏదో పిచ్చి కబురు.

విలియం అక్కడే ఆగిపోతాడు. నాలుగు అంటే నాలుగు వస్తువులు కాదు, నాలుగు అనే మాట! లాటిన్‌లో దాని స్పెల్లింగు: క్యూ, యూ, ఏ, టీ, యూ, ఓ, ఆర్. ఏడు అక్షరాలు. మొదటిది క్యూ, ఏడోది ఆర్. గ్రంథాలయంలో ఒక అద్దం పైన చెక్కిన వాక్యంలో ఆ మాట ఉంది. అక్కడ ఆ రెండు అక్షరాల్ని నొక్కితే అద్దమే తలుపై తెరుచుకుంటుంది.

మన భాషలో చెప్పాలంటే, విలియం అన్ని రోజులూ దాన్ని ఇంటిజర్ అనుకున్నాడు. అది స్ట్రింగ్. టైప్ ఎర్రర్! పట్టింది తర్కంలో పండితుడు కాదు, వ్యాకరణం మీద జోకేసిన కుర్రాడు. ఇంకోటి గమనించండి. రెండో రాత్రి గ్రంథాలయంలో ఆడ్సో భూతాన్ని చూసినట్టు కేకేసింది ఆ అద్దం ముందే, అందులో వంకరగా కనబడ్డ తన బొమ్మని చూసే. భయపడ్డ చోటే తలుపుంది. కానీ భయపడినవాడికీ తెలియలేదు, ధైర్యం చెప్పినవాడికీ తెలియలేదు.

ఇక్కడ నాకు అర్థమైంది ఒకటుంది. తెలివైనవాడు పనికొచ్చే మాటల్నే వింటాడు. పనికిరాని మాట కూడా ఎవరో ఒకరు అంటూ ఉంటే తప్ప వాడి ఆలోచన పాత గాడిలోంచి బయటికి రాదు.

పేరు తెలియని అమ్మాయి

మూడో పని చెప్పేముందు ఇంకో జంటని పరిచయం చేయాలి. ఎలిస్ పీటర్స్ అనే కలంపేరుతో ఈడిత్ పార్జిటర్ 1977 నుంచి 1994 దాకా రాసిన 20 నవలల్లో డిటెక్టివ్ బ్రదర్ కాడ్‌ఫెల్. 12వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో, ష్రూస్‌బరీ మఠంలో మూలికల తోట చూసుకునే సన్యాసి. ఆయన తోడు హ్యూ బెరింగర్. 'వన్ కార్ప్స్ టూ మెనీ' అనే నవలలో తొలిసారి కనబడతాడు. 1138లో స్టీఫెన్ రాజు కోటని పట్టుకుని 94 మందిని ఉరితీయిస్తే, శవాలు లెక్కపెట్టిన కాడ్‌ఫెల్‌కి 95 తేలతాయి. అప్పుడు హ్యూ కూడా అనుమానితుల్లో ఒకడు. ఎత్తుకి పైఎత్తు వేసుకుంటూ ఇద్దరూ స్నేహితులవుతారు. తర్వాత హ్యూ ఆ ప్రాంతానికి షెరీఫ్ అవుతాడు, అంటే చట్టం అతని చేతిలో ఉంటుంది. కాడ్‌ఫెల్ నిజం కనిపెడతాడు, ఆ నిజంతో ఏం చేయాలో ఇద్దరూ కలిసి తేల్చుకుంటారు. కొన్నిసార్లు చట్టం కళ్లు మూసుకుంటుంది, మంచివాళ్లు బతికిపోతారు. చదవడానికి ఎంత హాయిగా ఉంటుందో!

ఆడ్సోకి ఆ అధికారం లేదు. అందుకే అతని కథ గుండెని పట్టేస్తుంది.

మూడో రోజు రాత్రి మఠం వంటగదిలో ఆడ్సోకి ఒక అమ్మాయి కలుస్తుంది. కింద పల్లెలోని బీద పిల్ల, తిండి కోసం దొంగచాటుగా లోపలికి వచ్చింది. ఆమె భాష ఇతనికి రాదు. ఆ ఒక్క రాత్రే అతని జీవితం మొత్తంలో ప్రేమ. మర్నాటి రాత్రి ఆమె సాల్వతోరెతో పాటు బెర్నార్ గీ చేతికి చిక్కుతుంది. ఈ గీ చరిత్రలో నిజంగా ఉన్న మతవిచారణాధికారి, 1331లో చనిపోయాడు. నల్ల పిల్లి, కోడి, ఒక ఆడపిల్ల. మంత్రగత్తె అని ముద్ర వేయడానికి అతనికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

విలియంకి ఆమె మంత్రగత్తె కాదని తెలుసు. ఎంత తెలుసో అంతా తెలుసు. అయినా ఏమీ చేయలేనని శిష్యుడితో తేల్చి చెప్పేస్తాడు. అవతల పోప్ మనుషులకీ చక్రవర్తి మనుషులకీ మధ్య చర్చలున్నాయి, ఇవతల ఒక పల్లె పిల్ల. ఆడ్సో ఏడుస్తాడు. అంతకుమించి ఏమీ చేయలేడు. తర్వాత తన జీవితమంతా, ఆమె పేరైనా తెలుసుకోలేకపోయానే అని బాధపడతాడు.

1986లో వచ్చిన సినిమా మీలో కొందరు చూసే ఉంటారు. షాన్ కానరీ విలియంగా, క్రిస్టియన్ స్లేటర్ ఆడ్సోగా చేశారు. అందులో ఆ అమ్మాయి బతుకుతుంది, బెర్నార్ గీ చస్తాడు. మనకి ఊరటగా ఉంటుంది. నవలలో ఆ ఊరట లేదు, గీ ఆమెని తీసుకెళ్లిపోతాడు. మొదటిసారి చదివినప్పుడు నేను తిప్పేసిన పేజీలు ఇవే. హత్య గురించి కావు కదా అని. ఆలోచిస్తే ఆ మఠంలో అందరి కళ్లముందూ, చట్టప్రకారం జరిగిన హత్య ఇదొక్కటే. దాన్ని హత్యగా లెక్కపెట్టింది ఆడ్సో ఒక్కడే. విలియం గుర్తుల్ని చదువుతాడు, ఆడ్సో మనిషిని చూస్తాడు. ఇద్దరూ కావాలి. ఒక్కడే ఉంటే కేసు మాత్రమే మిగులుతుంది.

మిగిలినవాడు

ఇక ముగింపు. ఒక ముసలి సన్యాసి మాటల్ని బట్టి, చావులన్నీ బైబిల్ చివరి గ్రంథంలోని ఏడు బూరల వరసలో జరుగుతున్నాయని విలియంకి అనిపిస్తుంది. వడగళ్లు, రక్తం, నీళ్లు... ఒక్కో శవం ఒక్కో గుర్తుకి సరిపోతుంది. చివరికి రహస్య గదిలో గుడ్డివాడైన ముసలి హోర్హె దొరుకుతాడు. హాస్యం గురించి అరిస్టాటిల్ రాసిన పుస్తకం ఎవరూ చదవకూడదని పేజీలకి విషం పూసింది ఆయనే. కానీ ఏడు బూరల పథకం మాత్రం ఎవరూ వేయలేదు. ఒక చావు ఆత్మహత్య, ఒకటి ఇంకొకరు చేసిన హత్య, చాలావరకు కాకతాళీయం. లేని ప్యాటర్న్‌ని పట్టుకుని విలియం సరైన మనిషి దగ్గరికి చేరాడు. టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయి, లాజిక్ మాత్రం తప్పు.

ఆ పెనుగులాటలో దీపం పడి గ్రంథాలయం అంటుకుంటుంది. మఠమంతా మూడు పగళ్లూ మూడు రాత్రులూ తగలబడుతుంది. హంతకుడు దొరికాడు, పుస్తకం పోయింది, మిగతా పుస్తకాలూ పోయాయి. హోమ్స్ ఎప్పుడూ ఇంత ఘోరంగా గెలవలేదు.

గురుశిష్యులు మ్యూనిక్‌లో విడిపోతారు. విడిపోయేటప్పుడు విలియం తన కళ్లజోడు ఆడ్సోకి ఇస్తాడు. కుర్రాడివి, ఇప్పుడు అక్కర్లేదు, ఎప్పుడో పనికొస్తుందని. శతాబ్దం మధ్యలో వచ్చిన ప్లేగులో ఆయన పోయాడని ఆడ్సోకి ఎప్పటికో తెలుస్తుంది.

ఏళ్లు గడిచాక ఆడ్సో ఏదో పని మీద ఇటలీ వెళ్లి, దారి మళ్లి ఆ మఠం శిథిలాల దగ్గరికి పోతాడు. గోడల మధ్య చివికిపోయిన తోలు కాగితాల ముక్కలు ఏరుకుంటాడు. ఒకదాని మీద సగం వాక్యం, ఒకదాని మీద ఒక్క మాట. అవన్నీ సంచుల్లో మూటగట్టి మెల్క్‌కి మోసుకొస్తాడు. జీవితమంతా కూర్చుని ఏ ముక్క ఏ పుస్తకానిదో పోల్చుకుంటూ ఉంటాడు. పోయిన మహాగ్రంథాలయానికి నకలుగా, ముక్కలతో కట్టిన ఒక చిన్న గ్రంథాలయం. వాటి వెనక ఏదైనా అర్థం ఉందో లేదో కూడా తనకి తెలియదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. విలియం ఏమీ రాయలేదు. హోర్హె కాల్చేశాడు. బెర్నార్ గీ కథ రాసి ఉంటే అందులో ఒక మంత్రగత్తె ఉండేది, పేరు తెలియని అమ్మాయి ఉండేది కాదు. ఆ ఏడు రోజుల గురించి మన చేతిలో ఉన్నదంతా అర్థం కానివాడు రాసిందే. గురువు ఇచ్చిన కళ్లజోడు ముక్కు మీద పెట్టుకుని, చలికి వణుకుతూ, ఎవరి కోసమో తెలియకుండా రాసిపెట్టిందే. అర్థమయ్యాకే రాయాలని ఆడ్సో ఆగి ఉంటే మనకేమీ మిగిలేది కాదు.

మన ప్రాజెక్టు టీముల్లో ప్రతి నలుగురిలో ఒకడుంటాడు. కోడ్ వాడు రాయడు. మీటింగుల్లో వెర్రి ప్రశ్నలు వేస్తాడు, చివర్లో రిపోర్టు వాడి నెత్తిన పడుతుంది. వైవాలో వాడికి మార్కులు కాస్త తక్కువే పడతాయి. నాలుగేళ్ల తర్వాత కోడ్ రాసినవాడి ల్యాప్‌టాప్ పాడైపోతుంది, సర్వర్‌లో ఫైళ్లు ఎవరో తీసేస్తారు. ఆ ప్రాజెక్టులో అసలేం జరిగిందో కొత్త బ్యాచ్ వాళ్లకి తెలియాలంటే ఆ రిపోర్టే దిక్కు.

ఈసారి ఎవరైనా నువ్వెవరిలా ఉండాలనుకుంటావని అడిగితే నేను విలియం అనే అంటానేమో, ఆశ చావదు కదా. కానీ నా గురించి ఎవరైనా రాయాల్సి వస్తే మాత్రం, రాసేవాడు ఆడ్సో అయితే బాగుండు.